ఆడిషన్‌కి ఏ పాట పాడమంటారు మాస్టారూ?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. క్రిస్మస్ దగ్గర పడుతోంది కదా, చాలా సంఘాల్లో వర్షిప్ టీమ్‌లోకి, అంటే ఆరాధనలో పాట నడిపించే బృందంలోకి, కొత్తవాళ్ళను తీసుకుంటున్నారు, అందుకు ఆడిషన్లు పెడుతున్నారు. గుంటూరులో క్వయిర్ పిల్లలకు పాట నేర్పుతూ, ఇలాంటి ఆడిషన్లలో వినేవాళ్ళ వైపు కూర్చుంటూ ఉంటాను కాబట్టి, అక్కడ కూర్చున్నవాళ్ళ చెవి దేనికోసం చూస్తుందో కొంత చెప్పగలను. రాగాల మీద వచ్చిన మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచాను.

ప్రశ్న: వందనాలు మాస్టారూ. మాది తెనాలి. ఉద్యోగం కోసం విజయవాడ వచ్చాను. ఇక్కడ నేను వెళ్తున్న సంఘంలో వర్షిప్ టీమ్‌కి ఆడిషన్ పెట్టారు. రెండు పాటలు పాడాలట. యూట్యూబ్‌లో బాగా పేరొచ్చిన హై పిచ్ పాట ఒకటి ప్రాక్టీస్ చేస్తున్నాను. పల్లవి బాగానే వస్తోంది కానీ చరణంలో గొంతు పట్టేస్తోంది. అలాంటి పాట పాడితేనే తీసుకుంటారని ఫ్రెండ్స్ అంటున్నారు. అమ్మేమో "దేవుడి పాటకి పరీక్షేంటే, ఇదేమన్నా టీవీ ప్రోగ్రామా" అని కోప్పడుతోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ముందు అమ్మ సంగతి చూద్దాం. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం తీసి అమ్మకు చదివి వినిపించు. దావీదు రోజుల్లో ఆరాధనలో పాడటానికి, వాయించడానికి ఏర్పాటైనవాళ్ళ లెక్క అక్కడ ఉంది. 288 మంది, అందరూ నేర్చుకుని ఆరితేరినవాళ్ళే. వంతులు మాత్రం గురువనీ శిష్యుడనీ చూడకుండా చీట్లు వేసి పంచుకున్నారు. అదే గ్రంథం 15వ అధ్యాయంలో కెనన్యా అనే ఆయన పాట నడిపించాడు, అందులో ప్రవీణుడు కాబట్టే ఆ పని ఆయన చేతికిచ్చారని కూడా ఉంది. కాబట్టి పాట వచ్చో రాదో చూసుకోవడం టీవీవాళ్ళు మొదలుపెట్టిన పని కాదు.

అలాగని అమ్మ కోపం ఉత్తిదేమీ కాదు. ముగ్గురు జడ్జీల్లా కూర్చుని, మార్కులు వేసి, ఆదివారం సంఘం అందరి ముందూ పేర్లు చదివే చోట్లు ఉన్నాయి. నాకది నచ్చదు. మీ దగ్గర కూడా అదే పద్ధతైతే నేను అమ్మ పక్షం. అలా కాకుండా వారం మధ్యలో, ఖాళీ మందిరంలో, టీమ్‌తో కలిపి పాడించి చూస్తారంటే నిక్షేపంగా వెళ్ళు.

ఇక పాట. ఆ హై పిచ్ పాట వదిలెయ్. అది స్టూడియోలో ఒక్క గొంతు కోసం కట్టిన పాట. అక్కడ ఒక్కో లైను పాడి, నచ్చకపోతే మళ్ళీ పాడి అతికిస్తారు. నువ్వు పాడబోయేది మూడో వరసలో కళ్ళజోడు సవరించుకుంటూ పాటల పుస్తకం పట్టుకున్న మామ్మగారితో, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఇంటర్ కుర్రాళ్ళతో. నువ్వు ఎత్తుకుంటే వాళ్ళు అందుకోగలరా లేదా, ఆడిషన్‌లో కూర్చున్నవాళ్ళకి కావలసింది అదొక్కటే. గొంతు ఎంత పైకి వెళ్తుందో చూపించిన పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చారు. పాడినంతసేపూ "ఆహా" అనిపిస్తుంది, ఆదివారం ఆ పాట మొదలుపెడితే రెండో లైనుకల్లా సంఘమంతా నోరు మూసుకుని వింటూ కూర్చుంటుంది. అప్పుడది కచేరీ అవుతుంది గాని ఆరాధన కాదు.

శ్రుతి (పాటకి ఆధారంగా పట్టుకునే స్వరం, కీబోర్డువాళ్ళు స్కేలు అంటారు) దగ్గర చాలామంది తడబడతారు. మామూలుగా ఆడవాళ్ళు అయిదు నుంచి ఆరు శ్రుతి మధ్య, అంటే జి నుంచి ఎ మధ్య పాడతారు. మగవాళ్ళు ఒకటి నుంచి రెండు, అంటే సి నుంచి డి. సంఘంలో ఇద్దరూ ఉంటారు. నీకు హాయిగా ఉన్న అయిదున్నరలో ఎత్తుకుంటే మగవాళ్ళు కింది స్థాయిలో గొణగాలి, లేదా పై స్థాయిలో అరవాలి. అందుకని స్కేలు పల్లవిని బట్టి కాకుండా, పాట మొత్తంలో అన్నిటికంటే పైకి వెళ్ళే స్వరాన్ని బట్టి పెట్టుకో. ఆ స్వరం కీబోర్డు మీద మధ్య సి దాటాక వచ్చే పై సి, మహా అయితే డి దగ్గర ఆగాలి. మగవాళ్ళు అదే పాటని ఒక స్థాయి కింద పాడుకుంటారు, అందరికీ సరిపోతుంది. ఫోన్లో ఏదైనా పియానో యాప్ పెట్టుకుని అయిదు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఆడిషన్‌కి వెళ్ళగానే కీబోర్డు అబ్బాయితో "అన్నా, ఇది ఎఫ్‌లో" అని నువ్వే చెప్పు. "ఏ స్కేలైనా పర్లేదు" అనేవాళ్ళు తమ గొంతు సంగతి తాము చూసుకోలేదని నాకు వెంటనే తెలిసిపోతుంది.

రెండు పాటల్లో ఒకటి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి తీసుకో. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు కర్ణాటక బాణీలో కట్టిన కీర్తనలవి, పాట నెత్తిమీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఆ రెండు మాటలు చదివేవాళ్ళు తగ్గిపోయారు. నువ్వు చదివి, "ఇది రూపక తాళం అన్నా" అన్నావంటే డ్రమ్స్ ముందున్న కుర్రాడు నీ వైపు తలెత్తి చూస్తాడు. ఒక్క జాగ్రత్త: కీర్తనలకి ఊరికో వరస ఉంటుంది. తెనాలిలో అమ్మ పాడిన వరసే ఇక్కడా పాడతారని అనుకోకు. ముందు ఆదివారమే ఎవరైనా పెద్దావిడ పక్కన కూర్చుని వాళ్ళ వరస పట్టుకో. రెండో పాట కొత్తది, కాస్త నడక ఉన్నది, నీ ఇష్టం.

పాట మధ్యలో కళ్ళు మూసుకుని లీనమైపోవడం బాగానే ఉంటుంది గాని ఆడిషన్‌లో కళ్ళు తెరిచే ఉంచు. ఒకసారి మా దగ్గర ఒకమ్మాయి పాడుతుంటే, కీబోర్డు వాయించే కుర్రాడు పొరపాటున చరణాల మధ్య వాయించే మ్యూజిక్ బిట్ సగంలో వదిలేసి రెండో చరణంలోకి దూకేశాడు. ఆ అమ్మాయి అతని చేతులవైపే చూస్తోంది కాబట్టి ఒక్క మాట మింగేసి, రెండో మాట నుంచి అందుకుంది. పాట ఆగలేదు. వింటున్నవాళ్ళలో సగం మందికి తప్పు జరిగిందనే తెలియదు. ఆ అమ్మాయి గొంతు ఏమంత గొప్పది కాదు, కానీ మేము మారుమాట లేకుండా తీసుకున్నాం. అప్పటినుంచి నేను కావాలనే ఎక్కడో ఒక చోట బిట్ ఎగ్గొట్టమని చెవిలో చెబుతున్నాను. ఇది చదివి వచ్చేవాళ్ళకి ముందే తెలిసిపోయిందనుకోండి, ఇంకో మెలిక ఆలోచిస్తాను.

ఇంకా చిన్న చిన్నవి. "సోత్రం" అనకు, "స్తోత్రం" అను. "రుదయం" కాదు, "హృదయం". స్పీకర్లో ఒత్తులు ముందే సగం పోతాయి, నువ్వు కూడా మింగేస్తే ఇక మిగిలేదేమీ ఉండదు. మైకు నోటికి రెండు మూడు వేళ్ళ దూరంలో పట్టుకో, పై స్వరాలకి కొంచెం వెనక్కి జరుపు. స్టైల్‌గా ఉంటుందని మైకు తల చుట్టూ గుప్పిట బిగిస్తే కీ... మని కూస్తుంది, సౌండ్ తమ్ముడు నిన్ను జన్మలో క్షమించడు. చివర్లో నిన్ను ఆపి, "ఈ లైను నేను పాడతాను, నువ్వు పైన హార్మనీ వెయ్" అనవచ్చు. అంటే అదే లైనుని వేరే స్వరాల్లో కలిపి పాడమని. రాకపోతే రాదని చెప్పు, తప్పు లేదు. వచ్చినట్టు నటించి మధ్యలో నా స్వరంలోకి జారిపోయేవాళ్ళకంటే "నేర్పిస్తే నేర్చుకుంటాను" అన్నవాళ్ళే నయం.

ఆడిషన్ రోజు పొద్దున మూడు గంటలు సాధన చేసి గొంతు అరగదీసుకుని వెళ్ళకు. పల్లవి ఒకసారి అనుకుంటే చాలు.

ప్రశ్న: మాస్టారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా చిన్న సంఘంలో కీబోర్డూ నేనే, రిథమ్ కూడా నేనే. కీబోర్డు తానే తాళం వేసే స్టైల్ ఆన్ చేసుకుని, స్కేలు మార్చే ట్రాన్స్‌పోజ్ నొక్కి ఏ పాటైనా వాయించేస్తాను. హైదరాబాద్ వచ్చాక పెద్ద సంఘంలో ఆడిషన్‌కి వెళ్తే డ్రమ్స్, బేస్ గిటార్‌తో కలిసి వాయించమన్నారు. సగం పాటకే ఆపి "ఎడమ చెయ్యి తీసెయ్ బ్రదర్" అన్నారు. లయ కోసం టిక్ టిక్ మనే క్లిక్ పెట్టాక ఇంకా తడబడ్డాను. నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. నాకు అసలు వాయించడమే రాదంటారా?
– ఒక సోదరుడు, హైదరాబాద్

జవాబు: రాకపోతే మళ్ళీ ఎందుకు రమ్మంటారు బాబూ? ఊళ్ళో నువ్వు ఒక్కడివే నలుగురి పని చేస్తున్నావు. అక్కడ ఆ నలుగురూ ఉన్నారు, అంతే తేడా. బేస్ గిటార్ అబ్బాయి కింది స్వరాలు చూసుకుంటుంటే, నీ ఎడమ చెయ్యి కూడా అక్కడే పడితే ఒకే కూరలో ఇద్దరు ఉప్పు వేసినట్టు ఉంటుంది. స్టైల్ ఆపేసి, కుడిచేత్తో మధ్య స్థాయిలో కార్డ్ (కలిపి నొక్కే మూడు స్వరాలు) పట్టుకుని, పాడేవాళ్ళకి చోటు వదులు. ఈ నెలంతా రోజూ ఒక పాటని ఎంత తక్కువ వాయించి నడిపించగలవో చూడు. ఒంటరిగా వాయించే అలవాటున్నవాళ్ళకి వేళ్ళు ఊరుకోవు, అదే కష్టం.

ట్రాన్స్‌పోజ్ పాపమేమీ కాదు. కానీ గిటార్ అబ్బాయి "ఏ స్కేల్ బ్రదర్" అని అడిగితే నువ్వు నీ వేళ్ళు చూసి "సి" అంటావు, బయటికి వచ్చేది డి షార్ప్. అక్కడ మొదలవుతుంది గొడవ. ముందు సి, డి, ఎఫ్, జి నాలుగు స్కేళ్ళలో ఒకే పాట ట్రాన్స్‌పోజ్ లేకుండా వాయించడం అలవాటు చేసుకో. కార్డ్‌లని పేర్లతో కాకుండా, స్కేలు మొదటి స్వరం నుంచి లెక్కపెట్టి ఒకటి, నాలుగు, అయిదు, ఆరు అని నంబర్లతో గుర్తుపెట్టుకుంటే స్కేలు మార్చినా చెయ్యి వెతుక్కోదు.

క్లిక్ దగ్గర తడబడటానికి కారణం నువ్వు కాకపోవచ్చు. మన పాటలు చాలా తిశ్ర నడకలో, అంటే మూడేసి అక్షరాల లెక్కలో ఉంటాయి, బ్యాండ్‌వాళ్ళు సిక్స్ ఎయిట్ అంటారు. "తకిట" అని రెండుసార్లు అంటే ఒక బార్, అంటే ఒక ఆవర్తం. క్లిక్ ఆ రెండు "త"ల మీద పడాలి. ఎవరైనా చూసుకోకుండా ఫోర్ ఫోర్ లెక్కలో పెట్టేస్తే క్లిక్ ఒక దారి, పాట ఒక దారి. కాబట్టి పాట మొదలయ్యే ముందు "ఇది సిక్స్ ఎయిట్ కదా అన్నా" అని అడుగు. ఇంట్లో ఫోన్ మెట్రోనోమ్ మెల్లగా పెట్టుకుని, నోటితో తకిట అంటూ వాయించు. కుదిరాక బార్‌కి ఒకే క్లిక్ పడేలా తగ్గించు. మధ్యలో ఆ ఖాళీని నువ్వే మోయాలి, అదే అసలు సాధన.

పాత కీర్తన ఇస్తే ఇంకో చిక్కు ఉంది. మోహన రాగం, శంకరాభరణం అయితే పడమటి కార్డ్‌లు హాయిగా కూర్చుంటాయి. మాయామాళవగౌళ వచ్చిందనుకో, సి నుంచి మొదలుపెడితే అందులో రిషభం డి ఫ్లాట్. అలవాటుకొద్దీ అయిదో కార్డ్ అని జి మేజర్ నొక్కావా, అందులో ఉన్న మామూలు డి రాగంలోకి వచ్చి కూర్చుంటుంది. పాడే పెద్దాయన మొహం చిట్లించి నీ వైపు చూస్తాడు గాని ఎందుకో చెప్పలేడు. అలాంటి చోట డి ఫ్లాట్ మేజర్, ఎఫ్ మైనర్ వాడి చూడు. అదీ కుదరకపోతే సి, జి రెండే స్వరాలు శ్రుతిలా పట్టుకుని ఊరుకో. ఊరుకోవడం కూడా వాయించడమేనని ఆడిషన్‌లో వినేవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళైతే నేర్చుకుంటారు.

సస్టెయిన్ పెడల్ (నొక్కి ఉంచితే స్వరాన్ని మోగుతూ ఉంచే కాలి మీట) నీది నువ్వు పట్టుకెళ్ళు. ఒక కంపెనీ పెడల్ ఇంకో కంపెనీ కీబోర్డుకి పెడితే ఒక్కోసారి తిరగబడుతుంది: కాలు తీస్తే మోగుతుంది, నొక్కితే ఆగుతుంది. పెడల్ గుచ్చిన తర్వాతే కీబోర్డు ఆన్ చెయ్యి, ఆన్ అయ్యేటప్పుడు కాలు దాని మీద పెట్టకు. చాలావాటికి దాంతో సర్దుకుంటుంది.

ప్రశ్న: మాస్టారు గారికి వందనాలు. నాకు 52 ఏళ్ళు. పెళ్ళికి ముందు నుంచీ క్వయిర్‌లో పాడుతున్నాను. ఇప్పుడు క్వయిర్ తీసేసి వర్షిప్ టీమ్ అంటున్నారు. పాతవాళ్ళు కూడా ఆడిషన్ ఇవ్వాలట. నేను పాట నేర్పిన పిల్లాడే నన్ను పరీక్ష చేస్తాడు. వెళ్ళాలా, మానేయాలా? పైగా ఈమధ్య పై స్వరాలు అందడం లేదు.
– ఒక సోదరి, కాజీపేట

జవాబు: చెల్లెమ్మా, పాతవాళ్ళని పక్కన పెట్టడానికే ఆడిషన్ అనే మాట వాడే చోట్లు ఉన్నాయి. అది తప్పని ఈ పేజీలోనే గట్టిగా చెబుతున్నాను, చదివే పాస్టర్‌గార్లు ఏమనుకున్నా సరే. మీ దగ్గర అలా కాదేమో, ఎవరి గొంతు ఏ స్థాయిలో ఉందో చూసి కూర్చోబెట్టడానికేనేమో. ఆ పిల్లాణ్ణే ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, "ఏరా, నిజం చెప్పు" అని అడగండి. మీరు అడిగితే దాచడు.

పై స్వరాల సంగతికి బెంగ వద్దు. ఈ వయసులో ఆడవాళ్ళ గొంతు కాస్త కిందికి దిగడం మామూలే. అయిదున్నరలో పాడేవారు నాలుగున్నరకి రండి. కొత్త టీముల్లో పైకి పాడే పిల్లలు కావలసినంత మంది ఉంటారు, కింద ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది స్వరాలు, పట్టేవాళ్ళే దొరకరు. మీరు ఆల్టో అని చెప్పి వెళ్ళండి. మీకు నోటికొచ్చిన కీర్తనల పేర్లు ఒక కాగితం మీద రాసుకెళ్ళి ఇవ్వండి. ఆ కుర్రాళ్ళలో ఎవరి దగ్గరా అంత జాబితా ఉండదు.

ప్రశ్న: మాస్టారూ, నేను డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. మా అపార్ట్‌మెంట్ దగ్గర్లోని అమెరికన్ చర్చ్‌లో వర్షిప్ టీమ్‌కి ముందు వీడియో పంపమన్నారు. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఏమైనా జాగ్రత్తలు?
– ఒక విద్యార్థి, టెక్సస్

జవాబు: వాళ్ళు పంపిన ట్రాక్ ఇయర్‌ఫోన్‌లో వింటూ, గొంతు ఒక్కటే ఫోన్లో పడేలా, ఒకే టేకులో పాడి పంపు. ఎకో యాప్‌లు వద్దు. వాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి హార్మనీలో పాడతారు, నువ్వు స్వరాన్ని ఊపితే పక్కవాళ్ళ స్వరంతో రాసుకుంటుంది. గమకం తగ్గించి, స్వరం మీద తిన్నగా నిలబడు. యాస గురించి దిగులుపడకు, మాటల చివరి హల్లులు అందరితో ఒకేసారి ముగిస్తే చాలు. తీసుకునే ముందు కొన్నాళ్ళు ఆరాధనకి రమ్మంటే నొచ్చుకోకు, మనిషిని చూడాలని కొన్నిచోట్ల అలా అడుగుతారు. అన్నట్టు డాలస్ చుట్టుపక్కల తెలుగు ఆరాధనలు కూడా జరుగుతాయి, నీ గమకాలు అక్కడ దాచుకో.

ప్రశ్న: మాస్టారూ, నేను కనిగిరి వైపు పల్లెలో తబలా వాయిస్తాను. టౌన్‌లో సంఘంవాళ్ళు రిథమ్‌కి ఆడిషన్ అన్నారు. అందరూ ఎలక్ట్రానిక్ రిథమ్ ప్యాడ్ ఉండాలంటున్నారు. అప్పు చేసి కొనమంటారా?
– ఒక సోదరుడు, కనిగిరి ప్రాంతం

జవాబు: అప్పు చేయకు. ప్యాడ్ సంఘానిదే ఉంటుంది, తీసుకున్నాక దాని మీద నేర్చుకోవచ్చు. తబలాతోనే వెళ్ళు. ఏ పాటలో, ఏ స్కేలో ముందే ఫోన్ చేసి కనుక్కో. నీ కుడి తబలా ఒక స్వరం అటూ ఇటూ తప్ప సాగదు కాబట్టి, వాళ్ళ స్కేలు మరీ దూరమైతే దగ్గర్లో ఎవరిదైనా ఇంకో తబలా అడిగి పట్టుకెళ్ళు. డ్రమ్స్ కూడా ఉంటే పల్లవి, మొదటి చరణం నువ్వు నడిపి, తర్వాత డ్రమ్స్ అందుకునేలా వాళ్ళతో మాట్లాడుకో, ఇద్దరూ మొదటి నుంచీ బాదితే ఎవరిదీ వినపడదు. సుత్తి సంచిలో వేసుకో. ఏసీ హాల్లోకి వెళ్ళాక శ్రుతి మారుతుంది, అరగంట ముందే వెళ్ళి అక్కడే మళ్ళీ కలుపుకో.